స్టేటస్‌లో లేని సింగపూర్

చిన్ననాటి ఫ్రెండ్ ఊరి నుంచి వస్తున్నాడంటే ఏం చూపించాలా అని లిస్టు రాసుకున్నా. మెర్లయన్, మెరీనా బే, సెంటోసా... తీరా వచ్చాక వాడు చూడాలన్నది నా లిస్టులో లేనేలేదు!

"రేయ్, టికెట్ చేయించా. శుక్రారం పొద్దున దిగతా. నువ్వు రాకపోతే నేను ఆడే కూర్చుంటా, యాడికీ కదల్ను."

వాట్సాప్‌లో ఈ వాయిస్ మెసేజ్ విన్నప్పుడు ఆఫీసులో ఉన్నా. నవ్వాపుకోలేక బయటికొచ్చేశా. వాడూ నేనూ హనుమంతునిపాడులో ఒకే బెంచీ. పదో తరగతి తర్వాత నేను ఒంగోలు, ఆ తర్వాత హైదరాబాద్, అక్కణ్నుంచి సింగపూర్. వాడేమో ఊళ్లోనే. నాలుగెకరాల మెట్ట, అందులో కంది, కొంచెం పొగాకు. పనుల్లేనప్పుడు వేరేవాళ్ల ట్రాక్టర్ తోలతాడు. విమానం ఎక్కడం సంగతి తర్వాత, వాడు పాస్‌పోర్టు తీసుకున్నాడనే నాకు తెలీదు.

అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఫ్రెండ్ వస్తున్నాడన్న సంబరంలో అవన్నీ ఎవడు ఆలోచిస్తాడు చెప్పండి?

ఎయిర్‌పోర్టులో జలపాతం, దానికీ టైమింగులు!

కనిగిరి వెళ్లి, అక్కణ్నుంచి ఒంగోలు బస్సు, ఒంగోల్లో రైలెక్కి చెన్నై, చెన్నై నుంచి రాత్రి విమానం. అలా చాంగీలో దిగాడు. నాలుగు గంటల విమానం కంటే ఇంటి నుంచి చెన్నై చేరడానికే ఎక్కువసేపు పట్టిందట. చేతిలో అట్టపెట్టె, దానికి నాలుగు వైపులా ప్లాస్టిక్ తాడు. అందులో మా అమ్మ పంపిన కందిపొడి, గోంగూర పచ్చడి, నువ్వుల ఉండలు. మాంసం పచ్చళ్లు వద్దని ముందే గట్టిగా చెప్పా కాబట్టి కస్టమ్స్‌లో గొడవేం కాలేదు.

చాంగీ ఎయిర్‌పోర్టు పక్కనే జ్యువెల్ అని గాజు గోపురం లాంటి మాల్ ఉంటుంది. 2019లో తెరిచారు. దాని నడిమధ్య కప్పు నుంచి 40 మీటర్ల ఎత్తున నీళ్లు పడుతుంటాయి. భవనం లోపల ఇంత పెద్ద జలపాతం ప్రపంచంలో ఇంకోటి లేదు. ముందు దీంతోనే అదరగొడదామని నేరుగా అక్కడికే తీసుకెళ్లా. వెళ్తే ఏముంది... నీళ్లే లేవు! ఇంకా ఆన్ చెయ్యలేదట. పది దాటాక వస్తాయన్నారు.

మావాడు పగలబడి నవ్వాడు. "ఏందిరా, ఈడ కూడా త్రీఫేజ్ కరెంటు టైమింగులేనా? మన బోరు మోటారు మాదిరే ఉందే!"

కాఫీ తాగుతూ కూర్చున్నాం. టైమయ్యేసరికి ముందు సన్నగా తుంపర, తర్వాత ధార, ఆ తర్వాత పెద్ద తెల్లటి తెర. చుట్టూ జనం ఫోన్లు పైకెత్తారు. వాడు మాత్రం ఫోన్ తియ్యలేదు. రెయిలింగ్ పట్టుకుని అట్టా చూస్తూనే ఉన్నాడు. చాలాసేపటికి ఒక్క మాటన్నాడు. "పోయిన ఏడు రెండు బోర్లు ఏయించా. వెయ్యి అడుగులు. దుమ్మొచ్చింది."

ఏం చెప్పాలో నాకు తోచలేదు. "పద, ఇంటికి పోదాం" అన్నా.

"ఇదేనా నీ ఇల్లు?"

మూడు సార్లు రైలు మారి సెంగ్‌కాంగ్ చేరాం. దారిలో వాడు అట్టపెట్టె విప్పి నువ్వుల ఉండ నోట్లో వేసుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపా. ఇక్కడ ఎంఆర్‌టీ రైల్లో తిన్నా తాగినా 500 డాలర్ల దాకా ఫైన్. "ఉండకి ముప్పై రెండు వేలా!" అని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. డాలరు 65 రూపాయలని ఎయిర్‌పోర్టులోనే కంఠస్థం చేశాడు మరి. ఆ తర్వాత వాడికి ఏం చూపించినా ముందు 65తో హెచ్చవేసి గానీ మాట్లాడలేదు.

ఇక నా ఇల్లు. సింగపూర్‌లో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది హెచ్‌డీబీ అనే ప్రభుత్వ అపార్ట్‌మెంట్లలోనే ఉంటారు. నేనూ అంతే. కాకపోతే ఫ్లాట్ నాది కాదు, అందులో ఒక గది నాది. మిగతా గదుల్లో వేరేవాళ్లు. వంటిల్లు ఉమ్మడి. రాత్రి తొమ్మిది దాటాక తాలింపు పెట్టకూడదని ఓనర్ ఆంటీ రూలు. మంచం, టేబుల్, బీరువా పోగా మిగిలిన చోటు ఒక పరుపుకి సరిపోతుంది. దీనికి నెలకి వెయ్యి డాలర్లు.

మావాడు గుమ్మంలో నిలబడి ఇటూ అటూ చూశాడు. "ఇదేనా నీ ఇల్లు? మరి ఆ పడవ బిల్డింగో?"

వాడు అడిగింది మెరీనా బే శాండ్స్ గురించి. మూడు టవర్లు, వాటి నెత్తిన పడవ లాంటి కట్టడం. 2010లో కట్టిన హోటల్ అది. దాని ముందు నిలబడి తీసుకున్న ఫోటో నా డీపీ. అయిదేళ్లుగా అదే. ఊళ్లో నేను ఆ బిల్డింగులోనో, దాని పక్కనో ఉంటున్నాననే అనుకుంటున్నారట. నేనెప్పుడూ అవునని చెప్పలేదు. నిజమే. కాదని కూడా చెప్పలేదు కదా!

చుట్టం వస్తేనే ఊరు చూస్తాం

విదేశాల్లో ఉండేవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. మనం ఉంటున్న ఊరిని మనం చూడం. ఆఫీసు, గది, ఆదివారం సరుకులు, నెలాఖరు లెక్కలు. అంతే. ఊరి నుంచి ఎవరైనా వస్తేనే మనకీ దర్శనం. అయిదేళ్లలో నేను గార్డెన్స్ బై ద బే లైట్ షో చూసింది రెండుసార్లు. రెండుసార్లూ ఎవరో వస్తే వాళ్ల పుణ్యమే.

శుక్రవారం సాయంత్రం మూడోసారి చూశా. 2012లో తెరిచిన తోట అది. ఇనుముతో చేసిన 18 సూపర్‌ట్రీలు, పొట్టివి 25 మీటర్లు, పొడుగువి 50. వాటి ఒంటినిండా నిజం మొక్కలే. రాత్రి 7:45కి ఒకసారి, 8:45కి ఒకసారి పాటలతో లైట్లు వెలుగుతాయి. టికెట్ లేదు. నేల మీద వెల్లకిలా పడుకుని చూడాలి, అదీ అసలు మజా. "ఉచితమా? నిజంగా?" అని మావాడు రెండుసార్లు అడిగి అప్పుడు పడుకున్నాడు.

శనివారం మెరీనా బ్యారేజ్‌కి వెళ్లాం. సిగ్గు లేకుండా చెప్తున్నా, అది నేనూ మొదటిసారే చూడటం. లిస్టులో ఎందుకు పెట్టానంటే అది కూడా ఫ్రీ! గడ్డి పరిచిన డాబా మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు. మావాడికి మాత్రం గాలిపటాలు ఆనలేదు. గేట్లు లెక్కపెట్టాడు. తొమ్మిది. "ఇది ఆనకట్ట కదరా!" అన్నాడు.

అవును, ఆనకట్టే. సముద్రం నీళ్లు ఇటు రాకుండా కాలువ నోటికి అడ్డంగా 350 మీటర్ల పొడవున కట్టారు. 2008లో తెరిచారు. ఊరి మధ్యలో ఉన్న ఆ బే మొత్తం ఇప్పుడు మంచినీళ్ల చెరువు. మనం సెల్ఫీలు దిగే మెరీనా బే నీళ్లే శుద్ధి చేస్తే కుళాయిలోకొస్తాయి. సింగపూర్ నేలలో ఆరో వంతు మీద పడ్డ వాన ఇక్కడికి చేరుతుంది. ఇలాంటి రిజర్వాయర్లు దేశం మొత్తం మీద 17.

అక్కడే ఉన్న గ్యాలరీలో బోర్డులు చదివి వాడికి చెప్తూ పోయా. ఈ దేశానికి చెప్పుకోదగ్గ నదులు లేవు. మలేషియాలోని జొహోర్ నుంచి పైపుల్లో నీళ్లు కొనుక్కుంటారు. 1962లో రాసుకున్న ఒప్పందం, 2061 దాకా ఉంది, రోజుకి 25 కోట్ల గ్యాలన్ల వరకు తీసుకోవచ్చు. 1963లో వానలు పడక దాదాపు పది నెలలు నీళ్లకి రేషన్ పెట్టారు. ఆ భయంతోనే వాన నీళ్లు పట్టడం, వాడిన నీళ్లని 2003 నుంచి న్యూవాటర్ పేరుతో మళ్లీ శుభ్రం చేసి వాడటం, సముద్రం నీళ్లలో ఉప్పు తియ్యడం అన్నీ నేర్చుకున్నారు.

"అయితే వీళ్లకీ నీళ్లు లేవన్నమాట" అన్నాడు మావాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం చూడాలి. కోపమో ఆశ్చర్యమో తెలీలేదు.

మా వైపు సంగతి తెలిసినవాళ్లకి వాడి మొహం అర్థమవుతుంది. కనిగిరి, హనుమంతునిపాడు అంటే ఫ్లోరైడ్ నేల. బోరు పడినా ఆ నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి, ముసలితనం రాకముందే కీళ్లు పట్టేస్తాయి. తాగే నీళ్లు ఇరవై లీటర్ల క్యానుల్లో కొనుక్కోవడమే. శ్రీశైలం వెనక నీళ్లని నల్లమల కింద సొరంగాలు తవ్వి తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. మేం అప్పటికి ఇంకా బడికి కూడా పోలేదు. ఇప్పుడు మాకు ముప్పై దాటింది. సొరంగాల తవ్వకం పూర్తయింది, నీళ్ల కోసం ఎదురుచూపు పూర్తవలేదు.

అంతలో వాన. సింగపూర్ వాన చెప్పిరాదు. ఏడాదికి దాదాపు 2,400 మిల్లీమీటర్లు పడుతుంది ఇక్కడ. అందులో మూడో వంతు పడితే మా ఊళ్లో పండగ. అందరూ కప్పు కిందకి పరిగెత్తారు. వాడు కదల్లేదు. చేతులు చాపి తడుస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నేనూ వెళ్లి పక్కన నిలబడ్డా.

ఆ రాత్రి బయటపడ్డ సంగతి

గదికొచ్చి తల తుడుచుకుంటుంటే వాడి ఫోన్ మోగింది. బయట వరండాలోకి వెళ్లి మాట్లాడాడు. గోడ పలచన, మాటలు వినపడ్డాయి. "సోమారం దాకా ఆగన్నా. మంగళారం వచ్చాక డబ్బులు సర్దతా."

"ఏం డబ్బులురా?" అని అడిగా.

ముందు ఏం లేదన్నాడు. తర్వాత పరుపు మీద కూర్చుని మొత్తం చెప్పాడు. ఒక ఏజెంటు. సింగపూర్‌లో కన్‌స్ట్రక్షన్ పని, ట్రైనింగు, టెస్టు, పర్మిట్ అన్నీ కలిపి నాలుగు లక్షలు. నెలకి డెబ్బై వేలు వస్తాయన్నాడట. రెండెకరాల కాగితాలు పెట్టి డబ్బు తెచ్చుకునేందుకు అంతా మాట్లాడుకున్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. కట్టేముందు ఒక్కసారి కళ్లతో చూసి పోదామని విమాన టికెట్ కొన్నాడు. నన్ను చూడ్డానికి అన్నది సగమే నిజం.

"ముందే నన్ను అడగొచ్చు కదరా?"

"నీ స్టేటస్‌లు చూసే కదరా నేను డిసైడయ్యింది" అన్నాడు వాడు, చాలా మామూలుగా.

ఆ మాటకి నేను మంచం మీద కూలబడ్డా. ఇక్కడ మీకూ ఒకటి చెప్పాలి. రెండేళ్ల కిందట నా ఉద్యోగం పోయింది. ఇక్కడ ఉద్యోగం పోతే వర్క్ పాస్ రద్దవుతుంది. ఆ తర్వాత దేశంలో ఉండటానికి 30 రోజులిచ్చారు. ఆ 30 రోజులూ రోజుకో ఇంటర్వ్యూ, రాత్రిళ్లు నిద్ర లేదు, గది అద్దెకి అప్పు. ఇరవై ఆరో రోజున ఇంకో ఉద్యోగం దొరికింది. ఆ నెల ఊళ్లోవాళ్లకి, మా అమ్మానాన్నలకి కూడా, అనుమానం రాకూడదని నేను పెట్టిన స్టేటస్ ఏంటో తెలుసా? మెర్లయన్ పక్కన నవ్వుతూ నిలబడ్డ ఫోటో. కింద 'లివింగ్ ద డ్రీమ్' అని.

ఆ ఫోటో చూసే వాడు ఏజెంటు దగ్గరికి వెళ్లాడు.

వాడికి మొత్తం చెప్పా. వాడు తిట్టలేదు. "ఆ నెల ఫోన్ చేస్తే ఎత్తలేదే, నీకు పొగరెక్కిందనుకున్నా" అన్నాడు. అంతే.

టెక్కాలో ఆదివారం

మర్నాడు సెంటోసా ప్లాన్. క్యాన్సిల్ చేశా. మా ఇంటి దగ్గర రైలెక్కితే నేరుగా లిటిల్ ఇండియాలో దిగొచ్చు. సింగపూర్‌లో తమిళం అధికార భాషల్లో ఒకటి కాబట్టి బోర్డుల మీద తమిళం కనిపిస్తుంది. తెలుగు రాత కోసం మాత్రం వెతుక్కోవాలి. అయినా మనవాళ్లు తక్కువేం లేరు. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచే ఉంది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ముందు అయిదు నిమిషాలు నిలబడితే చాలు, "ఏమండీ, బాగున్నారా" అని ఎక్కడో ఒకచోట వినపడుతుంది. దణ్ణం పెట్టుకుని, రోడ్డు వెంట నడిచి, టెక్కా సెంటర్‌కొచ్చాం.

ఆదివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియా చూడాలి! వారమంతా బిల్డింగులు, రోడ్లు, ఓడలు కట్టే కుర్రాళ్లందరికీ అదొక్కటే సెలవు. డబ్బులు పంపేవాళ్లు, వీడియో కాల్లో ఇంటికి చీర చూపించేవాళ్లు, గడ్డి మీద గుండ్రంగా కూర్చుని బిర్యానీ తినేవాళ్లు. నా ఆఫీసు ఫ్రెండ్‌కి తెలిసిన ఒకాయన ఉన్నాడు. కడప వైపు మనిషి, ఎనిమిదేళ్లుగా ఇక్కడ కన్‌స్ట్రక్షన్‌లో. ఫోన్ చేస్తే వచ్చాడు. టీ తాగుతూ మావాడు అడగాల్సినవన్నీ అడిగాడు. నేను నోరెత్తలేదు.

ఆయన దాచుకోకుండా చెప్పాడు. ఊరికి దూరంగా డార్మెటరీ, గదిలో పన్నెండు మంది. చీకటితోనే లేవడం, లారీ ఎక్కడం. మధ్యాహ్నం తినే అన్నం ప్యాకెట్టు తెల్లారకముందే వండింది. వర్క్ పర్మిట్ మీద పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోవడానికి లేదు. ఆయన మొదటి పర్మిట్ డబ్బంతా అప్పుకే పోయింది.

"అయితే రావొద్దంటావా అన్నా?" అని అడిగాడు మావాడు.

ఆయన కాసేపు ఆలోచించాడు. "నేను వచ్చినందుకు బాధపడటం లేదు తమ్ముడూ. ఇల్లు కట్టినా. చెల్లెలి పెళ్లి చేసినా. కానీ నా కొడుక్కి నేను ఫోన్‌లోనే నాన్నని. వచ్చేటోడు ఈ రెండూ తెలిసి రావల్ల. అంతే."

అప్పుడు ఫోన్ తీసి లెక్క వేశాం. ఏజెంటు 'నీకూ ఇట్టాంటిదే వస్తది' అని ఎవరిదో పేరు కొట్టేసిన పర్మిట్ అనుమతి పత్రం ఫోటో పంపాడు. అందులో బేసిక్ జీతం నెలకి 600 డాలర్లు. అంటే 39,000 రూపాయలు. డెబ్బై వేలు ఎక్కడ? "ఓటీ మొత్తం దొరికితే, దాంట్లో ఒక్క రూపాయి కూడా తినకపోతే" అని నవ్వాడు కడపాయన. తిండికీ ఫోనుకీ చిల్లర ఖర్చులకీ 250 పోతే ఇంటికి పంపగలిగేది 350 డాలర్లు, అంటే 22,750 రూపాయలు. నాలుగు లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే మొదటి నెల వడ్డీయే 8,000. అలా నెలనెలా కట్టుకుంటూ పోతే అసలూ వడ్డీ తీరడానికి 22 నెలలు. పర్మిట్ ఇచ్చేది మామూలుగా రెండేళ్లకి. ఓటీ దొరికితే అప్పు ముందే తీరొచ్చు. మధ్యలో పని పోతే రెండెకరాలు పోతాయి.

మావాడు ఆ లెక్క స్క్రీన్‌షాట్ తీసుకున్నాడు. వచ్చిన మూడు రోజుల్లో వాడు తీసిన మొదటి ఫోటో అదే.

సోమవారం ఒక్కడే

సోమవారం నాకు సెలవు దొరకలేదు. ట్రావెల్ కార్డు చేతిలో పెట్టి, మ్యాపు చూపించి, బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్లమన్నా. 1859 నాటి తోట, యునెస్కో గుర్తింపు ఉంది, లోపలికి ఉచితం. సాయంత్రం వచ్చి అడిగితే, వెళ్లలేదన్నాడు. మరి ఎక్కడికెళ్లావంటే, మా వీధి చివర కొత్త హెచ్‌డీబీ బ్లాకులు కడుతున్నారు, అక్కడ ఎదురుగా బస్టాపులో కూర్చున్నాడట. రెండు గంటలు. పనివాళ్లు ఎప్పుడు నీళ్లు తాగుతున్నారు, ఎండలో ఎంతసేపు ఉంటున్నారు, క్రేన్ ఎవరు నడుపుతున్నారు, అన్నీ చూశాడు.

"పనికి నేను బయపడను రా. ట్రాక్టర్ తోలినోడికి అదేమంత గాదు. నాలుగు లచ్చలే బయం" అన్నాడు.

నాకు సిగ్గేసింది. వాడికి మొత్తం ఊరు చూపిస్తున్నానని నేననుకుంటున్నా. చూడాల్సింది వాడే వెతుక్కుని చూసొచ్చాడు.

మీ ఫ్రెండ్ కూడా వస్తున్నాడా? ఇవి గుర్తుంచుకోండి

• మన పాస్‌పోర్టుకి సింగపూర్ వీసా ముందే తీసుకోవాలి. ఫీజు 30 డాలర్లు, పైన సర్వీస్ చార్జీ ఉంటుంది. వచ్చే ముందు మూడు రోజుల్లోపు అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైట్లని నమ్మొద్దు.

• ఖైనీ, గుట్కా, వేప్ బ్యాగులో ఉంటే బయటే పారేసి రమ్మనండి. ఇక్కడ అవి నిషేధం. చూయింగ్ గమ్ కూడా 1992 నుంచి అమ్మకానికి లేదు, తేకూడదు. సిగరెట్లు ఒక్క ప్యాకెట్టు తెచ్చినా సుంకం కట్టాలి.

• డబ్బు తక్కువైతే సూపర్‌ట్రీ షో, మెరీనా బ్యారేజ్, మెర్లయన్, బొటానిక్ గార్డెన్స్ చాలు. అన్నీ ఉచితమే. తిండికి హాకర్ సెంటర్లు. ఆ తిండి పద్ధతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

• విజిటర్ వీసా మీద పని చెయ్యడం ఇక్కడ నేరం. 'ముందు విజిట్ మీద పో, తర్వాత మార్పిస్తా' అనే ఏజెంటు దగ్గర్నుంచి వెంటనే లేచి రావాలి.

• సింగపూర్ చట్టం ప్రకారం ఇక్కడి ఏజెన్సీ కార్మికుడి నుంచి ఏడాది కాంట్రాక్టుకి ఒక నెల జీతం చొప్పున, మొత్తం మీద రెండు నెలల జీతానికి మించి తీసుకోకూడదు. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. రిజిస్టరైన వాళ్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

• పర్మిట్‌కి ముందొచ్చే అనుమతి పత్రాన్ని ఐపీఏ అంటారు. అది బయల్దేరేముందే మీ పేరు మీద మీ చేతికి రావాలి. అందులో రాసిన బేసిక్ జీతమే చూడండి, నోటి మాట కాదు. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం ఇక్కడ చట్టవిరుద్ధం.

మళ్లీ జలపాతం దగ్గర

మంగళవారం రాత్రి విమానం. ఆఫీసు అవగానే ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లా. జ్యువెల్‌లో జలపాతం మీద రంగుల లైట్లు పడుతున్నాయి. ఈసారి వాడే "రా, ఫోటో దిగుదాం" అన్నాడు. పక్కపక్కన నిలబడి దిగాం. అట్టపెట్టెలో ఈసారి మా అమ్మకి నొప్పుల బామ్, వాళ్ల పిల్లలకి చాక్లెట్లు, ముస్తఫాలో కొన్న టార్చిలైటు.

"ఏం చేస్తావురా?" అని అడిగా.

"ఏజెంటు కాడికి పోతా. నాలుగు లచ్చలకి రశీదు ఇయ్యమంటా. నా పేరు మీద కాయితం తెప్పియ్యమంటా. ఇస్తే అప్పుడు ఆలోచిస్తా" అన్నాడు. లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి అన్నాడు. "నువ్వు కూడా మీ అమ్మకి ఆ ఉద్యోగం ముచ్చట చెప్పు. ఆమె ఊరికే బయపడే మనిషి గాదు."

ఇది జరిగి నెల దాటింది. వాడు రశీదు అడిగిన మర్నాటి నుంచి ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదట. కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. సింగపూర్ ఆలోచన మాత్రం వాడు పూర్తిగా వదల్లేదు. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా పంపమన్నాడు, పంపా. క్రేన్ ఆపరేటర్‌కి ఏం నేర్చుకోవాలో కనుక్కోమన్నాడు, కనుక్కుంటున్నా. ఈలోగా కంది వేశాడు. వాన కోసం చూస్తున్నాడు.

మా అమ్మకి చెప్పా. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ నెల నువ్వు ఫోన్‌లో నవ్వుతుంటే నాకు అప్పుడే అర్థమైంది నాయనా. అడిగితే బాధపడతావని అడగలేదు" అంది.

మొన్న ఆదివారం నా స్టేటస్ మార్చా. పడవ బిల్డింగు లేదు, మెర్లయన్ లేదు. నా గది. మంచం, టేబుల్, నేల మీద మావాడు పడుకున్న పరుపు, కిటికీలో ఆరేసిన చొక్కాలు. కింద ఏం రాయలేదు.

ఊరి నుంచి మొదటి రిప్లై వాడిదే. "చొక్కాలు ఇస్త్రీ చేసుకోరా."